సంస్థానం బిడ్డ రాసింది సరే, పాలమూరు పాటను రాసేదెవరు?

2024 సెప్టెంబర్‌లో వనపర్తి దగ్గరి శ్రీరంగాపురం రంగనాయకస్వామి గుడిలో సినిమా నటి అదితిరావు హైదరి పెండ్లి జరిగింది. పత్రికలు, టీవీలు ‘రాజకుటుంబం ఆడబిడ్డ’ అని మురిసిపోయినయి. నాలుగొందల ఏండ్ల గుడి అన్నరు, పట్టుచీర అన్నరు. ఆ గుడి చుట్టున్న పల్లెలు ఇన్నేండ్లు బొంబాయి, పుణె బస్సులెందుకు ఎక్కినయో రాసినోళ్లు మాకు కనబడలేదు.

అదితికి తల్లి తరఫు తాత జె. రామేశ్వరరావు. వనపర్తి సంస్థానం రాజా, ఆఫ్రికాలో మన దేశం తరఫున దౌత్యవేత్త, తర్వాత మహబూబ్‌నగర్ ఎంపీ, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థ అధిపతి. ఆయన భార్య శాంతా రామేశ్వరరావు ఇంగ్లిష్ రచయిత్రి, హైదరాబాద్‌లో విద్యారణ్య బడి పెట్టిన మనిషి. వాళ్ల బిడ్డే విద్యారావు, అదితి తల్లి.

మనం ఆగి చూడాల్సింది ఈ విద్యారావును. ఆమె పాడేది ఠుమ్రీ. తవాయిఫ్‌ల కోఠాల్లో బతికిన పాట అది. పెద్దింటి ఆడవాళ్లు నోట పలకగూడదన్న పాట. ఆమె గురువు నైనాదేవి కూడా బెంగాల్ సంస్కర్త కేశవచంద్ర సేన్ మనుమరాలు, కపుర్తలా రాజకుటుంబం కోడలు. ఆ గురువును తలుచుకుంటూ విద్యారావు ‘హార్ట్ టు హార్ట్’ అనే పుస్తకం రాసింది. దొరసాని కావాల్సిన బిడ్డ తవాయిఫ్‌ల పాటకు శిష్యురాలయింది. దీన్ని మేం చిన్నచూపు చూడం. సంస్థానాల మీద కోపం ఉండొచ్చు, రాగం మీదెందుకు?

బిడ్డ అదితి దారి సినిమా. లీలా శామ్‌సన్ దగ్గర భరతనాట్యం నేర్చి తెరకెక్కింది. 2018లో వచ్చిన ‘సమ్మోహనం’లో ఆమెది తెలుగు రాక నేర్చుకునే హిందీ హీరోయిన్ పాత్ర. వనపర్తి మనుమరాలికి దొరికిన మొదటి తెలుగు వేషం అది!

అసలు మాట ఇదీ. ఒక పాట పుస్తకం కావాలంటే గొంతు ఒక్కటే సాలదు. చదువు, ఇంగ్లిష్, ఢిల్లీ, అచ్చేసేటోళ్లతో పరిచయం కావాలె. ఆ ఇంటికి అవన్నీ ఉన్నయి. అవి ఎక్కడినుంచి వచ్చినయంటే సంస్థానం రైతు కట్టిన శిస్తు దాకా పోవాలె. అదే పాలమూరు మట్టిలో పన్నెండు మెట్ల కిన్నెర వాయించిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయనే హైదరాబాద్ శివార్లలో కూలి పని చేస్తున్నడని వార్తలొచ్చినయి. అదే ఏడు నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు పద్మశ్రీ ఇచ్చిండ్రు. శాలువాలు కప్పిండ్రు, ఫొటోలు దిగిండ్రు. ఆ వాద్యం ఎట్ల కడతరో, ఏ కథ ఎక్కడ ఎత్తుకుంటరో రాసి పెట్టే పనికి ఎవరు కూసున్నరు?

నల్లగొండలో ఇంకో కథ ఉంది. మల్లు స్వరాజ్యం కూడా భూస్వామి ఇంటి బిడ్డే. గడప దాటి తుపాకి పట్టింది, ఉయ్యాల పాట కట్టి ఊరూరు కదిలించింది, తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే అయింది. సాయుధ పోరాటంలో ఆడవాళ్ల అనుభవాలు ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చయింది 1986లో, స్త్రీశక్తి సంఘటన వాళ్లు ఒక్కొక్కరినీ కూసోబెట్టి అడిగితేనే. స్వరాజ్యం ఆత్మకథ ‘నా మాటే తుపాకి తూటా’ వచ్చింది 2019లో. 2022లో ఆమె పోయింది. మూడేండ్లు ఆలస్యమయితే ఆ గొంతు మనకు దక్కకపోవు.

స్వరాష్ట్రం వచ్చింది 2014లో. అంతకు ముందే నల్లగొండలో మహాత్మాగాంధీ, పాలమూరులో పాలమూరు యూనివర్సిటీలు వచ్చినయి. పీహెచ్‌డీ విద్యార్థులున్నరు, పల్లెల్లో పనిచేసే టీచర్లున్నరు, అందరి జేబుల్లో రికార్డు చేసే ఫోన్లున్నయి. ఉద్యమంలో ఆ కళాకారుల పాటతోనే సభలు నింపినం. వచ్చే సెలవుల్లో దామరగిద్ద దిక్కు, అచ్చంపేట దిక్కు బస్సెక్కుండ్రి. పాడేటోళ్ల పేరు, ఊరు, నేర్పిన గురువు పేరు ముందుగాల రాసుకోండ్రి.