అరువు తెచ్చిన ఆకృతి

ఖరగ్‌పూర్‌లోని మలంచాలో సాయంకాలం నడిచేవారికి బెంగాలీతోపాటు తెలుగు కూడ చెవిని పడుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ఊరిలో పెక్కు. అటువంటి ఒక యింటి అమ్మాయి ప్రోటీన్లపై పరిశోధన చేస్తున్నది. ఆమధ్య మా యింటికి వచ్చి దిగులుగా కూర్చున్నది.

“పిన్నిగారూ, మూడు నెలలనుండి కంప్యూటరుది ఒకటే జవాబు. దొరకలేదట!” అన్నది.

ఏమి దొరకలేదని అడిగాను. ప్రోటీను స్ఫటికంపై ఎక్స్‌కిరణాలను ప్రసరింపజేస్తే వేలకొలది చుక్కలు ఏర్పడతాయి. చుక్కల తీవ్రతను కొలవవచ్చు. కాని ఆ తరంగం ఏ దశలో వచ్చి చేరినదో చుక్క చెప్పదు. దశ తెలియనిదే అణువు ఆకృతి తెలియదు. ఈ చిక్కు విడదీసే ఒక మార్గానికి 1962లో మైకేల్ రాస్‌మన్, డేవిడ్ బ్లో అనే శాస్త్రజ్ఞులు పునాది వేశారు. పోలికగల మరొక ప్రోటీను ఆకృతి ముందే తెలిసివుంటే దానిని అరువు తెచ్చుకొని, ముందు సరియైన దిక్కుకు త్రిప్పి, పిమ్మట సరియైన చోటికి జరిపి, దశలను అంచనా కట్టవచ్చు. ఇదే అణు ప్రతిస్థాపన. నేడు ఫేజర్ వంటి ప్రోగ్రాములు ఈ పని చేస్తున్నాయి. 2021 నుండి ఆల్ఫాఫోల్డ్ ఊహించి యిచ్చే ఆకృతులు కూడ నమూనాలుగా ఉపకరిస్తున్నాయి.

మరి దొరకనప్పుడు? వెదకవలసిన తప్పులు అనేకం. స్ఫటికపు గడిలో ఎన్ని అణువులున్నవో లెక్క తప్పి వుండవచ్చు. స్ఫటిక సౌష్ఠవాన్ని పొరపాటుగా నిర్ణయించి వుండవచ్చు. రెండు స్ఫటికాలు కవలలవలె కలిసి పెరిగి వుండవచ్చు. ఒక్కొక్కప్పుడు స్ఫటికమైనది మనం కోరిన ప్రోటీనే కాదు. దానిని తయారుచేసిన బాక్టీరియా సొంత ప్రోటీను!

నమూనాలోనే లోపం వుండటమూ కద్దు. మనం నిత్యం తినే వేరుశనగనే చూడండి. అందులోని లెక్టిన్ అనే ప్రోటీను ఆకృతిని బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎం. విజయన్ బృందం 1994లో ప్రకటించినది. దాని నాలుగు భాగాలలో ప్రతి ఒక్కటీ సాటి పప్పుజాతుల లెక్టిన్లవలెనే మడతపడి వున్నది. కాని ఆ నాలుగూ కూర్చున్న తీరు మాత్రం వేరు. వారు భార పరమాణువుల పద్ధతిని అనుసరించి దానిని సాధించారు. బంధువుల కూర్పును మొత్తంగా అరువు తెచ్చి వుంటే అది అక్కడ యిమిడేది కాదు.

మా అమ్మాయి కూడ చివరకు నమూనాను రెండు ముక్కలు చేసి, నమ్మకంలేని అంచులను కత్తిరించి, విడివిడిగా వెదికినది. ఐదు దాటని అంకె పదకొండుకు చేరినది. ఎనిమిది దాటితే సాధారణంగా నమ్మవచ్చునట.

“ఇంకేం, గెలిచావు!” అన్నాను.

“అప్పుడే కాదండీ. అరువు దశలతో గీసిన పటంలో అరువు ఆకృతే కనిపించవచ్చు. అందుకని ఒక భాగాన్ని తీసివేసి మళ్ళీ లెక్కకట్టాను. తీసిన చోట దాని జాడ తిరిగి కనబడితేనే అది నిజం. రెండుచోట్ల కనబడినది, మూడవచోట కనబడలేదు. అక్కడ మళ్ళీ కట్టాలి.”

ఆమె వెళ్ళిన తరువాత నా బల్లవైపు చూశాను. నేను అనువదిస్తున్న నవలకు పూర్వమెవరో చేసిన అనువాదం ప్రక్కనే తెరచి వున్నది. సందేహం కలిగిన ప్రతిచోటా అందులోని మాటే నాకు మూలంలో వినిపిస్తున్నది. ఆ పుస్తకాన్ని మూసి, బీరువాలో పెట్టి, ఆ అధ్యాయాన్ని మొదటినుండి ప్రారంభించాను.