విద్యుత్ గిటారు నెన్నుకొను విధము

సంగీతాభిలాష గల విద్యార్థులు పలువురు నేడు విద్యుత్ గిటారును కోరుచున్నారు. తల్లిదండ్రులలో కొందఱు దానిని వట్టి రొదపెట్టె యని త్రోసివేయుచున్నారు. మఱికొందఱు బిడ్డలపై ప్రేమచేత, ఎక్కువ నాబులును ఎక్కువ స్విచ్చులును గలదియే యుత్తమమని తలచి యధికమూల్యము నిచ్చి కొనుచున్నారు. ఈ రెండు తలంపులును సరియైనవి కావని నా యభిప్రాయము. నాదభేదములు పరికరముల సంఖ్యవలన గాక, వాని కారణము నెఱిగిన చెవివలనను వ్రేళ్లవలనను పుట్టును.

ముందుగా వాద్యస్వరూపమును గ్రహింతము. సామాన్యపు గిటారునకు డొల్లపెట్టె యుండును. తంత్రి కదలిక యా పెట్టెను, అందలి గాలిని కదల్చి ధ్వనిని పెంచును. అట్టిదానికి విద్యుత్సాధనమును తగిలించి గట్టిగా వాయించినచో, లౌడుస్పీకరునుండి వెడలిన ధ్వని మరల పెట్టెను కదల్చి కీచుమని కూయించును. గట్టి కొయ్యపలకను వాడినచో నీ చిక్కు మిక్కిలి తగ్గును. తంత్రి నాదమును చాలసేపు నిలుచును. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, ఫుల్లర్టన్ పట్టణమందు రేడియోలు బాగుచేయుచుండిన లియో ఫెండర్ 1950లో నిట్టి పలకగిటారును విక్రయమునకు తెచ్చెను. 1951లో దానికి టెలికాస్టర్ అను పేరు స్థిరపడెను. గిబ్సన్ సంస్థవారు 1952లో లెస్ పాల్ అను ప్రసిద్ధ వాద్యకారుని పేర మఱియొకదానిని వెలువరించిరి. ఫెండర్ వారి స్ట్రాటోకాస్టర్ 1954లో వచ్చెను. నేటి పలకగిటారులలో పెక్కు వీని యడుగుజాడలలో నడచునవియే.

పలకపై తంత్రుల క్రింద పికప్ అను భాగముండును. అయస్కాంతముచుట్టు వెంట్రుకవంటి రాగితీగను వేలకొలది చుట్లు చుట్టినదియే పికప్. ఉక్కుతంత్రి కదలినపుడు అయస్కాంతక్షేత్రము మాఱి, తీగచుట్టలో విద్యుత్తు పుట్టును; దానిని ఆంప్లిఫయరు పెద్దది చేయును. 1831లో మైకేల్ ఫారడే కనుగొనిన సూత్రమిదియే. మన పైతరగతులవారు భౌతికశాస్త్రమున చదువునదియు నిదియే. నైలాను తంత్రులను వేసినచో నీ పికప్ మూగవోవును.

ఇక నాదభేదముల కారణములను చూతము. తంత్రుల నాని యుండు బ్రిడ్జిదగ్గఱ తంత్రి కొంచెముగనే యూగును. అచ్చటి పికప్ వాడియైన ధ్వని నిచ్చును. మెడదగ్గఱ తంత్రి విశాలముగ నూగును. అచ్చటి పికప్ గుండ్రని, నిండైన ధ్వని నిచ్చును. ఒంటిచుట్ట పికప్ తేటగ పలుకును గాని, చేరువనున్న ట్రాన్స్‌ఫార్మరుల రొదను గూడ గ్రహించును. గిబ్సన్ సంస్థలోని సెత్ లవర్ రెండు చుట్టలను ఎదురెదురు విధముగ కూర్చి, రొద తనంతట తానే యణగిపోవు నుపాయమును కల్పించెను. ఇట్టి జంటచుట్టలను లెస్ పాల్ గిటారులకు 1957నుండి బిగించిరి. వీనివలన నాదము బలియును. పైధ్వనుల మెఱుపు మాత్రము కొంత తగ్గును. ఒకటి పొందినచో మఱియొకటి విడువవలసియుండును గదా.

టోను నాబు క్రొత్తధ్వనిని తెచ్చునని చాలమంది నమ్ముదురు. నిజమునకు సామాన్యముగ నది కెపాసిటరు ద్వారా పైధ్వనులను జాఱవిడుచును. అనగా నున్నదానిని తగ్గించును. వాల్యూము నాబును అట్టిదే. అయినను ఆంప్లిఫయరును మిక్కిలి హెచ్చించి వాయించునపుడు, వాల్యూమును కొంచెము తగ్గించినంతనే పగిలిన ధ్వని తేటపడును. ఒక్క నాబుతో రెండు నాదములు లభించినవి! ఈ సంగతి నెఱుగని బాలుడు రెండవ నాదముకొఱకు రెండవ గిటారును కోరును.

నా వాదమునకు గొప్ప సాక్ష్యము స్ట్రాటోకాస్టర్ చరిత్రయే. దానికి పికప్‌లు మూడు. వానిని ఒక్కొక్కటిగ పలికించుటకు స్విచ్చి స్థానములును మూడే. వాద్యకారులు స్విచ్చిని రెండు స్థానముల నడుమ నిలిపిరి. రెండు పికప్‌లు కూడి పలుకగా, కొన్ని ధ్వనులు పరస్పరము హరించుకొని యొక తేలికైన వింతనాదము పుట్టెను. తయారుచేసినవారు ఆ నాదమునకు స్థానము నేర్పఱుపలేదు. విన్నవారే దానిని కనుగొనిరి. ఫెండర్ సంస్థవారు 1977లో, అనగా 23 ఏండ్లకు, ఐదు స్థానముల స్విచ్చి నమర్చిరి. చెవి ముందు నడచెను. యంత్రము వెనుక వచ్చెను.

విద్యుత్తు చేరినంతనే సంగీతము చెడునను పెద్దలకు మన తెలుగునాటి దృష్టాంతమొకటి చెప్పెదను. పాలకొల్లున 1969లో జన్మించిన యు. శ్రీనివాస్, గిటారునకు దాయాదియైన మాండలిన్‌ను విద్యుద్వాద్యముగ చేపట్టి కర్ణాటక సంగీతమును వాయించెను. ఆయన దానికి తంత్రులను పెంచలేదు. నాలుగు జంటలుగా నుండు ఎనిమిది తంత్రులకు మాఱుగా ఐదు ఒంటితంత్రులను వేసికొనెను. జంటతంత్రులపై కష్టమగు గమకములు ఒంటితంత్రులపై సుకరమయ్యెను. 2014లో దివంగతుడగువఱకు ఆ వాద్యమునకు కచేరీలలో గౌరవస్థానమును సంపాదించెను. రొద చేయుటయు, రాగము పలికించుటయు వాయించువానివలననే గాని విద్యుత్తువలన గాదు.

ఒకే రాత్రి పలురీతుల పాటలను వాయింపవలసిన వృత్తికళాకారునకు పెక్కు స్విచ్చులు మిక్కిలి యుపయోగకరములు. ఆ మాటను నేను కాదనను. నేర్చుకొనువానికి మాత్రము రెండు పికప్‌లు, ఒక స్విచ్చి, ఒక వాల్యూము, ఒక టోను చాలును. కావున తల్లిదండ్రులారా, గిటారు కొనునపుడు నాబులను లెక్కింపకుడు. మెడ సరిగనున్నదా, మెట్ల యంచులు వ్రేళ్లను కోయుచున్నవా, శ్రుతి నిలుచుచున్నదా, నాబును త్రిప్పినపుడు చిటపటలు వినవచ్చుచున్నవా యని పరీక్షింపుడు. మిగిలిన ధనమును మంచి గురువునకు వినియోగింపుడు.

విద్యార్థులారా, ఒకే చిన్నవరుసను వారముదినములు వాయించి చూడుడు: ఒకనాడు బ్రిడ్జిదగ్గఱ మీటుచు, ఒకనాడు మెడదగ్గఱ మీటుచు, ఒకనాడు టోనును సగము తగ్గించి, ఒకనాడు వ్రేలి మెత్తనితో. మీ చేతనున్న గిటారు ఎన్ని గొంతులతో పలుకునో లెక్క వ్రాసికొనుడు. ఆ లెక్క ముగిసిన పిమ్మటనే, క్రొత్తగిటారు కావలెనని యింట నడుగుడు.