సరుకు తక్కువ, ఆర్డర్లు ఎక్కువ: ముందు ఎవరికి?

రంజాన్‌కు పది రోజుల ముందు పాతబస్తీలోని ఒక చిన్న కిరాణా దుకాణదారు కంపెనీ యాప్‌లో 20 పెట్టెల ఖర్జూరాలకు ఆర్డర్ పెట్టాడనుకుందాం. యాప్ 'కన్ఫర్మ్' అంది. రెండు రోజుల తర్వాత ఆటోలో దిగినవి మాత్రం 6 పెట్టెలు. అదే బ్రాండ్ పెద్ద సూపర్‌మార్కెట్‌లో షెల్ఫుల నిండా ఉంది, పది నిమిషాల డెలివరీ యాప్‌లోనూ ఉంది. సేల్స్‌మన్‌ని అడిగితే "సిస్టమ్‌లో అంతే వచ్చింది భాయ్" అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. అతనికి తెలిసింది కూడా అంతే.

ఇదివరకు ఈ పంపకం డిస్ట్రిబ్యూటర్ దగ్గరి గుమాస్తా చేతిలో ఉండేది. సరుకు తక్కువ వస్తే తలా ఐదు అని సర్దేవాడు, కావలసినవాళ్లకు రెండు ఎక్కువ ఇచ్చేవాడు. పక్షపాతం లేదని కాదు. కానీ వెళ్లి గొడవపడటానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు ఆ పని ఆర్డర్లు చూసే సాఫ్ట్‌వేర్‌ది. గోదాములో 100 పెట్టెలుండి, 180కి ఆర్డర్లు వస్తే ఎవరికి ఎన్ని ఇవ్వాలో అది క్షణంలో తేల్చేస్తుంది. అయితే దాని నియమం పైనుంచి దిగిరాలేదు, కంపెనీలో ఎవరో కూర్చుని రాసి పెట్టిందే.

'ముందు వచ్చినవారికి ముందు' అన్న నియమం వినడానికి న్యాయంగానే ఉంటుంది. పెద్ద చెయిన్‌ల ఆర్డర్లు కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి, స్టాక్ తగ్గిన నిమిషంలోనే వెళ్లిపోతాయి. చిన్న దుకాణదారు తరావీహ్ అయ్యాక, షట్టర్ దించే ముందు ఫోన్ తీస్తాడు. 2021 మేలో వ్యాక్సిన్ కోసం కోవిన్‌లో స్లాట్ వెతికిన కుటుంబాలకు ఈ సంగతి అనుభవమే. 18-44 ఏళ్లవారు మొదట్లో ఆన్‌లైన్‌లోనే బుక్ చేసుకోవాలన్నారు. స్మార్ట్‌ఫోన్, మంచి నెట్ ఉన్నవాళ్లు ముందుకెళ్లారు. లేనివారి సంగతేమిటని సుప్రీంకోర్టే కేంద్రాన్ని అడిగింది.

రెండోది, పెద్ద కస్టమర్‌కు ముందు అన్న నియమం. దీని వెనక మోజు కాదు, జరిమానా ఉంటుంది. అమెరికాలో వాల్‌మార్ట్ 2017 నుంచి, సమయానికి పూర్తిగా సరుకు పంపని సరఫరాదారుల నుంచి ఆ సరుకు ఖరీదులో కొంత శాతం కోత కోసే పద్ధతి పెట్టింది. ఇలాంటి ఒప్పందం ఉన్న కస్టమర్‌కు 10 పెట్టెలు తగ్గిస్తే కంపెనీకి నష్టం లెక్కలో కనబడుతుంది. గల్లీ దుకాణానికి 14 తగ్గించినా ఏ లెక్కలోనూ కనబడదు. సాఫ్ట్‌వేర్ కనబడిన నష్టాన్నే తప్పిస్తుంది. ఇలాంటి చోట 'కన్ఫర్మ్' అయిన ఆర్డర్ నుంచి కూడా, బండి కదిలేలోపు పైవరసలోని కస్టమర్‌కు సరుకు మళ్లించే వీలు పెట్టుకోవచ్చు. కన్ఫర్మ్ అంటే ఆర్డర్ అందిందనే తప్ప, పెట్టెలు పక్కన పెట్టారని కాదు.

అందరికీ అడిగిన నిష్పత్తిలో పంచితే? అప్పుడు 20 కావలసినవాడు 40 అడుగుతాడు. పక్కవాడు 60 అడుగుతాడు. కంపెనీ ఆ అంకెలే నిజమైన గిరాకీ అనుకుని ఎక్కువ తయారు చేస్తుంది, పండగ అయ్యాక అదంతా మిగిలిపోతుంది. సరఫరా వ్యవస్థలను చదివేవారు ఈ ఆటను ఎప్పుడో గుర్తించారు.

దీనికి విరుగుడుగా గత అమ్మకాలను బట్టి కోటా ఇచ్చే పద్ధతి ఉంది. ముస్లిం బస్తీల్లోని దుకాణాలకు అసలు తంటా ఇక్కడే. మన దేశంలో రంజాన్ 2024లో మార్చి 12న మొదలైంది, 2025లో మార్చి 2న. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 'నిరుడు ఇదే వారం ఎంత అమ్మారు' అని ఇంగ్లిషు క్యాలెండర్‌తో చూసే సాఫ్ట్‌వేర్‌కు మొదటి రోజాల గిరాకీ కనిపించదు. సేమియా, ఖర్జూరాలు, రూహ్ అఫ్జా కావలసిన వారంలో మామూలు వారం కోటా పడుతుంది. ఈద్ అయిపోయాక పండగ కోటా వస్తుంది! 2030లో రంజాన్ రెండుసార్లు మొదలవుతుంది, జనవరిలో ఒకసారి, డిసెంబర్ చివర్లో మరోసారి. హిజ్రీ తేదీలు చెప్పని సాఫ్ట్‌వేర్ ఆ ఏడాది ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు.

ప్రాధాన్యం ఇవ్వడమే తప్పనలేం. 2020 మార్చిలో కరోనా మొదలైనప్పుడు అమెజాన్ తన గోదాముల్లో నిత్యావసరాలకు, మందుల సామగ్రికి ముందు చోటిచ్చింది. బ్రిటన్‌లో సూపర్‌మార్కెట్లు ప్రభుత్వ జాబితాలోని తీవ్ర రోగులకు డెలివరీ స్లాట్లు ముందు ఇచ్చాయి. నియమం అవసరాన్ని బట్టి రాస్తే యంత్రం అదీ చేస్తుంది.

మన ఇళ్లలో అందరికీ తెలిసిన పంపకం హజ్ సీట్లది. 2025లో దేశం కోటా 1,75,025. హజ్ కమిటీ దరఖాస్తుల్లో 65 ఏళ్లు పైబడినవారికి, మెహ్రమ్ లేకుండా వెళ్లే మహిళలకు ముందు వరస, మిగతావారికి కంప్యూటర్ డ్రా. పేరు రానివారికి బాధ ఉంటుంది. కానీ తాము ఏ వరసలో ఉన్నదీ, వెయిటింగ్ లిస్టులో నెంబరెంతో వారికి తెలుసు. నియమం దరఖాస్తుకు ముందే ప్రకటిస్తారు.

దుకాణదారుకు ఈ మూడింటిలో ఒక్కటీ చెప్పరు. చెప్పడం కష్టమైన పనేం కాదు. 'మీ 20లో 6 కేటాయించాం, 14 వెయిటింగ్, వచ్చే లోడ్ ఫలానా రోజు' అని యాప్‌లో ఒక లైను వేస్తే చాలు, అతను వేరే బ్రాండ్ చూసుకుంటాడు. ఎవరికైనా పూర్తి ఆర్డర్ నింపే ముందు ప్రతి దుకాణానికీ కనీసం ఇన్ని అని పెట్టడం కూడా సాఫ్ట్‌వేర్‌లో ఒక సెట్టింగే. కంపెనీకి దానివల్ల పెద్ద కస్టమర్ల జరిమానా కొంత పడవచ్చు, అందుకే అడిగేవారు లేకపోతే పెట్టదు. ఒక్కో దుకాణదారు అడిగితే సేల్స్‌మన్ దగ్గరే ఆగిపోతుంది. బజారు సంఘం తరఫున, నిరుటి రంజాన్ అమ్మకాల బిల్లులు హిజ్రీ తేదీలతో కలిపి, షాబాన్ మొదలయ్యేలోపే డిస్ట్రిబ్యూటర్‌కు రాతపూర్వకంగా ఇస్తే కోటా లెక్కలోకి ఎక్కే అవకాశం ఉంటుంది. చంద్రుడు కనబడ్డాక పెట్టిన ఆర్డర్ మాత్రం వరసలో చివరనే పడుతుంది.