గ్రంథాలయ సెస్సు గ్రంథాలయానికే

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలతో చిన్న పట్టణాల శాఖా గ్రంథాలయాలకు కళ వస్తుంది. పిల్లలకు వ్యాసరచన పోటీలు, పుస్తక ప్రదర్శన, ఆఖరి రోజు బహుమతులు. వారోత్సవాలు ఘనంగా జరగవలసిందే. అయితే 21వ తేదీ ఉదయం పోటీ పరీక్షల పుస్తకం కోసం వచ్చే నిరుద్యోగికి ఆ గదిలో ఏం దొరుకుతుంది? చాలాచోట్ల పాత సంచికలు, విరిగిన కుర్చీలు, భర్తీ కాని గ్రంథపాలకుడి పోస్టు.

డబ్బు లేదనడానికి వీల్లేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు సెస్సుగా జనం కడుతూనే ఉన్నారు. పురపాలక సంఘాలు, పంచాయతీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఆ జమ దగ్గరే బకాయిలు పేరుకుంటున్నాయి. ఇతర ఖర్చులకు వాడేశామన్న సమాధానం చెల్లదు. అది పుస్తకాల కోసం ప్రజలిచ్చిన సొమ్ము.

వేటపాలెం వారు 1918లోనే, ఏ సెస్సూ లేని రోజుల్లో, సారస్వత నికేతనం గ్రంథాలయాన్ని నిలబెట్టుకున్నారు. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. సెస్సు కడుతున్న ఈ రోజుల్లో మన గ్రంథాలయాలను నిలబెట్టుకోలేమా?

ఈసారి వారోత్సవాల వేదిక మీదే ప్రతి మునిసిపల్ కమిషనర్ తమ బకాయి ఎంతో, ఎప్పటికి చెల్లిస్తారో ప్రకటించాలి. రాత్రి ఎనిమిది దాకా పఠన మందిరం తెరిచి ఉంచేందుకు సిబ్బందిని వెంటనే నియమించాలి.