పాతదైపోయింది అనే ముందు

"పాతదైపోయింది మేడం, కొత్తది తీసేసుకోండి." సర్వీస్ సెంటర్ కుర్రాడు ల్యాప్‌టాప్‌ని కనీసం ఆన్ చేసి చూడకుండానే అన్న మాట ఇది. ఈ మాటంటే నాకు ఒళ్లు మంట.

ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ అయ్యే ముందు రోజు దాకా ఆ మెషీన్ బాగానే పనిచేసింది. రిటైరైన మా నాన్న రోజూ పొద్దున్నే దాని ముందు కూర్చుని తన చిన్ననాటి సంగతులు తెలుగులో టైప్ చేసుకునేవాడు. అప్‌గ్రేడ్ తర్వాత అక్షరం కొడితే, అది తెరమీదికి రావడానికి రెండు సెకన్లు. నాన్న మెషీన్‌ని తిట్టలేదు. "నాకే చేతకావట్లేదేమోనమ్మా" అని రాయడం మానేశాడు.

ఏ మెషీనూ ఒక్క రాత్రిలో ముసలిదైపోదు. డాక్టర్ నాడి కూడా పట్టుకోకుండా "వయసైపోయింది" అంటే ఊరుకుంటామా? మరి ఇక్కడెందుకు తలూపి పర్సు తీస్తున్నాం?

చూడటం పెద్ద విద్యేం కాదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. నాన్న మెషీన్‌లో ప్రాసెసర్ వాడకం 15 శాతం. 4 జీబీ మెమరీ దాదాపు నిండిపోయింది. డిస్క్ 100 శాతం. అంటే వంటమనిషి ఖాళీగానే ఉంది, సరుకులు అందించేవాడికే ఊపిరాడటం లేదు.

అప్‌గ్రేడ్ కాగానే సిస్టమ్ ఫైళ్లన్నిటికీ మళ్లీ ఇండెక్స్ తయారుచేసుకుంటుంది, వెనకాల అప్‌డేట్లు దించుకుంటుంది. అది మామూలే, కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. మేం రెండు వారాలు ఆగాం. సర్దుకోలేదు. ఎందుకంటే ర్యామ్ చాలకపోతే సిస్టమ్ ఆ బరువుని డిస్క్ మీదికి తోస్తుంది. నాన్నదేమో నిమిషానికి 5,400 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్. అక్కడొకటి ఇక్కడొకటి పడున్న ముక్కల్ని సెకనుకి వంద దాకా ఏరుకొస్తే గొప్ప. ఎస్‌ఎస్‌డీ అదే పని వేలల్లో చేస్తుంది. కొత్త సిస్టమ్ తయారుచేసినవాళ్లు అందరి ఇళ్లలోనూ ఎస్‌ఎస్‌డీయే ఉంటుందనుకున్నట్టున్నారు.

ఇది కొత్త జబ్బు కాదు. మెషీన్లు వేగం పుంజుకునేదానికంటే త్వరగా సాఫ్ట్‌వేర్ నెమ్మదిస్తోందని పాస్కల్ భాషని రూపొందించిన నిక్లాస్ విర్త్ 1995లోనే మొత్తుకున్నాడు. ముప్పై ఏళ్లు దాటినా బరువు వాళ్లు పెంచడం, మోయలేని నేరం మన మెషీన్ మీద పడటం మారలేదు.

అప్‌గ్రేడే వద్దని నేననను. భద్రతా లోపాల్ని పూడ్చాల్సిందే. కానీ ఆ మందుతోపాటు అడగని విడ్జెట్లనీ, మెషీన్ లేవగానే తామూ లేచి కూర్చునే యాప్‌లనీ ఎందుకు మింగాలి?

నేను చేసింది ఇంతే. స్టార్టప్‌లో అక్కర్లేనివన్నీ ఆపేశాను. ఎస్‌ఎస్‌డీ వేయించి, ర్యామ్ 8 జీబీ చేయించాను. కొత్త ల్యాప్‌టాప్ ధరలో ఐదో వంతు కూడా కాలేదు. అన్ని మెషీన్లూ ఇలా బాగుపడతాయని చెప్పను. కానీ చూడకుండా తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఈసారి ఎవరైనా "పాతదైపోయింది" అంటే, ఏ అంకె చూసి అంటున్నారో చూపించమని అడగండి.

నాన్న మళ్లీ రాస్తున్నాడు. మధ్యలో ఆగిపోయిన నెలన్నర మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు.