పోకర్ గదికి డాక్టరు వేసే మార్కులు

‘‘సార్, మావాడు ఆడే సైట్ మంచిదేనంటాడు. కొత్తగా ఆడేవాళ్లకీ, చెయ్యి తిరిగినవాళ్లకీ కూడా బాగుంటుందట. మీరొకసారి చూసి చెప్తారా?’’

ఓపీలో ఒక పెద్దాయన అడిగిన మాట ఇది. వచ్చింది తన బీపీ చూపించుకోవడానికి. కొడుకు రాత్రిళ్లు ఫోన్‌లో పోకర్ ఆడుతున్నాడు, ఇంట్లో రోజూ గొడవ, ఈయన బీపీ దిగడం లేదు. పేకాట గురించి జనరల్ మెడిసిన్ డాక్టర్ని అడగడమేమిటని పక్కనున్న జూనియర్లు నవ్వారు గానీ, నాకు ఆ ప్రశ్నలో తప్పేమీ కనిపించలేదు. ఏ మందునైనా మేం చూసే పద్ధతి ఒకటుంది. డోసు ఎంత, ఎంత వేగంగా ఒంటికి ఎక్కుతుంది, మానాలంటే ఎంత కష్టం, ఎవరికి అసలు ఇవ్వకూడదు. పోకర్ గదిని కూడా అలాగే చూడొచ్చు. ప్రకటనల్లో మార్కులు పడేది వేరేవాటికి: బోనస్ ఎంత, ఎన్ని టేబుళ్లు ఉన్నాయి, బొమ్మలు ఎంత బాగున్నాయి, గెలిచిన డబ్బు ఎన్ని గంటల్లో వస్తుంది.

ముందుగా చట్టం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే చాలా ఇళ్లలో ఇది తెలియదు. తెలంగాణలో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో పేకాడటాన్ని 2017 జూన్‌లోనే నిషేధించారు. రమ్మీ, పోకర్ అన్నీ అందులోకే వస్తాయి. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది: డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆట నైపుణ్యంతో కూడిందైనా, అదృష్టం మీద నడిచేదైనా నిషిద్ధమే. నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవాళ్లకు రెండేళ్లు, యాభై లక్షలు. ఆడినవాడికి మాత్రం ఆ చట్టంలో శిక్ష లేదు. ఈ చివరి వాక్యాన్ని ఇంట్లో గట్టిగా చదివి వినిపించండి. పోలీసులు పట్టుకుంటారేమోనన్న భయంతో అప్పుల సంగతి దాచిపెట్టే కుర్రాళ్లు ఉన్నారు.

‘‘రమ్మీ నైపుణ్యమున్న ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది కదా’’ అని చదువుకున్న కుర్రాళ్లు వాదిస్తారు. నిజమే, చెప్పింది. ఆ కేసు మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుదే. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. మూడు ముక్కలాటలా ఇది కేవలం అదృష్టం కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి అని ధర్మాసనం అభిప్రాయపడింది. కానీ అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. ఆట జరిగే చోటు యజమాని ఆ ఆట మీద లాభం తీస్తుంటే అది నేరం కావచ్చని. మొదటి సగం అందరికీ కంఠతా వచ్చు. రెండో సగం ఎవరూ చెప్పరు. అసలు రోగమంతా ఆ రెండో సగంలోనే ఉంది.

పోకర్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. మన మూడు ముక్కలాటకి దొరల వీధిలో ఉండే అన్నలాంటిది. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు, బల్ల మీద అయిదు ముక్కలు అందరికీ కలిపి తెరుస్తారు, మధ్య మధ్యలో పందెం పెంచుకుంటూ పోతారు. మీరు ఆడేది కంపెనీతో కాదు, సాటి ఆటగాళ్లతో. కంపెనీ ప్రతి పందెం సొమ్ములోంచి కొంత కోసుకుంటుంది. దాన్ని రేక్ అంటారు. సుమారు అయిదు శాతం అనుకోండి.

అయిదు శాతమేగా అనిపిస్తుంది. ఒక లెక్క వేసి చూద్దాం. ఒక బల్ల దగ్గర ఆరుగురు, తలా వెయ్యి రూపాయలు, మొత్తం ఆరు వేలు. సగటున ఒక్కో ఆటలో 200 రూపాయలు పోగవుతాయి, గంటకు 70 ఆటలు పడతాయనుకుందాం. ఆటకు పది రూపాయల చొప్పున గంటకు 700 కంపెనీకి వెళ్తాయి. ఎనిమిదిన్నర గంటలు తిరిగేసరికి ఆ ఆరు వేలూ కంపెనీ జేబులో ఉంటాయి. ఆరుగురిలో ఎవరు తెలివైనవాడన్న ప్రశ్నే లేదు, బల్ల మీద డబ్బే లేదు. కొత్త డబ్బు తెస్తేనే ఆట సాగుతుంది. దీపావళికి బావమరుదులతో ఇంట్లో ఆడినప్పుడు బావ పోగొట్టుకున్నది మరిది జేబులోకి పోతుంది, పొద్దున టిఫిన్ దగ్గర అది గుర్తుచేసి ఆటపట్టిస్తారు. ఇక్కడ గోడకి కూడా చెయ్యి ఉంటుంది.

ఇక డోసు, వేగం. డాక్టరుగా నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఇదే. మనుషులు ఎదురెదురుగా కూర్చుని ఆడితే ముక్కలు కలపాలి, పంచాలి, టీ తాగాలి. గంటకు 25, 30 ఆటలకు మించి పడవు. ఫోన్‌లో 60 నుంచి 80 దాకా వెళ్తాయి. పైగా ఒకేసారి నాలుగు బల్లల దగ్గర కూర్చోవచ్చు. పోకర్‌లో రెండు ఆసులు కలిసి చేతికి రావడం పెద్ద పండగ. సగటున 221 ఆటలకు ఒకసారి వస్తాయి. ఎదురెదురుగా ఆడేవాడు ఆ పండగ కోసం ఏడు గంటలకు పైగా కూర్చోవాలి. ఫోన్‌లో నాలుగు బల్లలు తెరిచినవాడికి ముప్పావు గంటలో వచ్చేస్తుంది. ఒకే మందు, ఒకే మనిషి, డోసు మాత్రం దాదాపు పది రెట్లు. పొగాకు ఆకు నమలడానికీ సిగరెట్టు తాగడానికీ ఉన్న తేడా మెదడుకు ఎందుకు అంత ముఖ్యమో అందరికీ తెలుసు: ఎంత తొందరగా అందితే అంత గట్టిగా పట్టుకుంటుంది.

అంత గొప్ప ఆసుల జత కూడా ఏదో ఒక ముక్కల జతతో తలపడితే వందలో సుమారు 15 సార్లు ఓడిపోతుంది. ఆ పదిహేను సార్లే మనిషిని పాడుచేస్తాయి. ‘నేను సరిగ్గానే ఆడాను, అయినా పోయింది’ అన్న కోపంతో తర్వాతి గంట ఆడే ఆట చూస్తే చాలు. పోకర్ ఆడేవాళ్లు దానికి ‘టిల్ట్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. గుండె దడ, చెమటలు, నోరెండిపోవడం, బీపీ పెరగడం. నా గదికి వచ్చేసరికి దానికి వేరే పేర్లుంటాయి: నిద్రపట్టడం లేదు సార్, గ్యాస్ సార్, ఛాతీలో పట్టేసినట్టుంది సార్. ఈసీజీ బాగుంటుంది, థైరాయిడ్ బాగుంటుంది. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావు, ఫోన్‌లో ఏం చేస్తున్నావు అని అడిగేదాకా అసలు విషయం రాదు.

సరదాగా ఆడేవాడికి ఈ గది ఎలా ఉంటుంది? చెరువులో చిన్న చేపకు ఉన్నట్టే. సైట్లు ఇచ్చే బోనస్ ఒక్కసారిగా చేతికి రాదు, కమీషన్ కట్టేకొద్దీ కొంచెం కొంచెంగా విడుదలవుతుంది. అంటే సరదాగా వచ్చినవాడు సరదాగా వెళ్లిపోకుండా కట్టిన గడప అది. 2003లో అమెరికాలో మనీమేకర్ అనే ఇంటిపేరున్న ఒక అకౌంటెంటు 86 డాలర్ల ఆన్‌లైన్ పోటీతో మొదలుపెట్టి ప్రపంచ పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచాడు. పేరు కూడా కలిసొచ్చింది. అప్పటినుంచి ఆ కథతో లోకమంతా ఎంతమందిని బల్ల దగ్గరికి పిలిచారో లెక్కలేదు. ఆ రోజు ఓడినవాళ్ల పేర్లు ప్రకటనల్లో ఉండవు.

అనుభవం ఉన్నవాడి సంగతి ఇంకాస్త చిక్కు. పోకర్‌లో నైపుణ్యం నిజంగానే ఉంది, కాదనను. అయితే 2017లోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన లిబ్రాటస్ అనే ప్రోగ్రాం ఒకరితో ఒకరు ఆడే పోకర్‌లో ఆరితేరిన ఆటగాళ్లని ఓడించింది. 2019లో వచ్చిన ప్లూరిబస్ ఆరుగురి బల్ల మీద కూడా గెలిచింది. మీ ఎదుట ఉన్న బొమ్మ వెనక మనిషే ఉన్నాడని, ముగ్గురు కలిసి ఫోన్‌లో మాట్లాడుకుంటూ మిమ్మల్ని ఆడించడం లేదని మీకెలా తెలుస్తుంది? 2008లో అల్టిమేట్‌బెట్ అనే పెద్ద సైటులో లోపలివాళ్లే ఎదుటివాళ్ల ముక్కలు చూస్తూ ఆడిన బాగోతం బయటపడింది. 2011 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం దాడి చేసినప్పుడు ఫుల్‌టిల్ట్ అనే మరో ప్రసిద్ధ సైటు ఆటగాళ్ల సొమ్మును విడిగా దాచనే లేదని తేలింది. అవి పేరున్న సంస్థలు. ఇప్పుడు మన కుర్రాళ్లు వీపీఎన్ పెట్టుకుని ఆడే విదేశీ సైట్లకు పేరు కూడా వారానికొకటి మారుతుంది. మీరు పంపే డబ్బు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఖాతాలో పడుతుంది. ఆ ఖాతా ఏదైనా సైబర్ కేసులో ఉంటే మీ జీతం ఖాతా కూడా ఆగిపోవచ్చు.

అనుభవజ్ఞుడు తన గెలుపుల్ని తేదీలతో చెప్తాడు, ఓటములు ‘అప్పుడప్పుడు’ అంటాడు. అబద్ధం చెప్తున్నాడని కాదు, జ్ఞాపకం అలా పనిచేస్తుంది. దీనికి నేను రాసే పరీక్ష ఒకటే: ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు తీసి, పోయింది ఒక వరసలో, వచ్చింది ఒక వరసలో కూడమనడం. లాభంలో ఉన్నానని చెప్పి, ఆ కాగితంతో తిరిగొచ్చిన మనిషిని నేనింకా చూడలేదు.

మాది బల్కంపేట. ఎల్లమ్మ గుడి వీధి నుంచి అమీర్‌పేట మెట్రో దాకా నడిస్తే కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ల బోర్డులు తప్ప గోడ కనిపించదు. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అన్ని జిల్లాల పిల్లలూ ఇక్కడే ఉంటారు. చేతిలో ఫోను, ఇంటి నుంచి వచ్చిన నెల ఖర్చు, ఎప్పుడొస్తుందో తెలియని ఉద్యోగం, చీకటిపడ్డాక మాట్లాడే మనిషి లేని గది. జూదానికి ఇంతకన్నా అనువైన నేల దొరకదు. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని పదకొండు మంది సోషల్ మీడియా ప్రముఖుల మీద కేసు పెట్టింది మన పంజాగుట్ట పోలీసులే. మంచి పనే. అయితే ఆ వీడియోలు చూసి మొదలుపెట్టినవాళ్లు ఈ హాస్టళ్లలోనే ఉన్నారు, వాళ్లకి చికిత్స ఎవరిస్తారన్నది పోలీసు స్టేషన్‌లో తేలే విషయం కాదు. ఆటకి డబ్బు చాలక లోన్ యాప్‌కి వెళ్తారు. ఆ యాప్‌లవాళ్లు ఫోన్లు చేసి ఎలా పీక్కుతింటారో ఈ నగరం 2020 డిసెంబరులోనే చూసింది, ప్రాణాలు కూడా పోయాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో జూద వ్యసనం ఒక జబ్బుగానే ఉంది. అమెరికా మనోవైద్యులు 2013లో దాన్ని మద్యం, మాదకద్రవ్యాల పక్కనే చేర్చారు. ఇది డోపమిన్‌తో ముడిపడిన వ్యవహారమనడానికి మా వైద్యంలోనే ఒక వింత సాక్ష్యం ఉంది. పార్కిన్సన్స్ జబ్బుకి వాడే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మాత్రలు వేసుకున్నవాళ్లలో కొందరు, జీవితంలో పేక ముట్టనివాళ్లు కూడా, ఉన్నట్టుండి జూదం మొదలుపెడతారు. డోసు తగ్గిస్తే చాలామందిలో ఆ కోరిక తగ్గిపోతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఈ మాత్రలు వాడుతూ కొత్తగా ఇలా చేస్తుంటే తిట్టకండి, న్యూరాలజిస్టుకు చెప్పండి. సొంతంగా మాత్రలు ఆపొద్దు, అది ఇంకో ప్రమాదం.

ఇంట్లో అనుమానం ఉంటే అడగాల్సినవి రెండే ప్రశ్నలు, వైద్యులు కూడా మొదట ఇవే అడుగుతారు. ‘పందెం మొత్తం పెంచుతూ పోవాలని ఎప్పుడైనా అనిపించిందా?’ ‘ఎంత ఆడుతున్నావో ఇంట్లోవాళ్లకి ఎప్పుడైనా అబద్ధం చెప్పావా?’ రెండింటిలో ఒక్కదానికి అవునన్నా వైద్యుడిని కలవాలి. గట్టిగా కాదు, భోజనాలయ్యాక నెమ్మదిగా అడగండి.

అప్పు తీర్చే విషయంలో తల్లులు నా మీద కోపం తెచ్చుకుంటారని తెలిసినా చెప్తాను. పుస్తెలు అమ్మి మొత్తం ఒకేసారి కట్టేసి, ‘ఇక ఆడనని ఒట్టు వెయ్యి’ అంటే అది చికిత్స కాదు, కొత్త డిపాజిట్. జీతం వచ్చే ఖాతా కొంతకాలం నమ్మకమైన ఇంకొకరి చేతిలో ఉండాలి, యూపీఐ పరిమితి తగ్గించాలి, అప్పులన్నీ ఒక కాగితం మీద రాయించాలి, తీర్చేది వాయిదాల్లో అతని చేతే తీర్పించాలి. లోన్ యాప్‌లు వేధిస్తుంటే 1930కి ఫిర్యాదు చేయాలి. ఆలోచనా విధానాన్ని సరిచేసే కౌన్సెలింగ్ చాలామందికి పనిచేస్తుంది, కొందరికి మందులు కూడా అవసరమవుతాయి. ‘నేను లేకపోతేనే మీకు నయం’ లాంటి మాట వినిపిస్తే మాత్రం రేపటిదాకా ఆగొద్దు, ఆ రాత్రి అతన్ని ఒంటరిగా వదలొద్దు.

బల్కంపేట నుంచి ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఆటోలో కొద్దిసేపటి ప్రయాణం. ఆ పేరు చెప్పగానే ‘మావాడేం పిచ్చోడా’ అని అడ్డుకుంటారు, అందుకే కొందరు దూరంగా ఎక్కడికో వెళ్లి వేలు ఖర్చుపెట్టి, మధ్యలో మానేస్తారు. వెళ్లడానికి మొహమాటమైతే ముందు 14416కి ఫోన్ చేయండి. టెలీమానస్ అంటారు, ప్రభుత్వానిదే, ఖర్చు లేదు, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు. ఎక్కడికి వెళ్లినా ఆ ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు మడతపెట్టి జేబులో పెట్టుకెళ్లండి, డాక్టరుకి చాలా సమయం కలిసొస్తుంది.