రోబోను నడిపే చెయ్యి ఎవరిది?

కురవిలో ఒకరికి స్కానింగులో కిడ్నీ మీద గడ్డ బయటపడితే ఆ రిపోర్టు పట్టుకుని మానుకోటకు, అక్కడి నుంచి వరంగల్‌కు, చివరికి హైదరాబాద్‌కు పోవాల్సిందే. అక్కడ హోర్డింగుల మీద రోబో బొమ్మ ఉంటుంది. దాన్ని నడిపే సర్జన్ ఇప్పటిదాకా ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేశాడో, ఎందరికి ఇబ్బందులు వచ్చాయో మాత్రం ఉండదు. 2023లో ప్రభుత్వ ఆస్పత్రి నిమ్స్‌కూ రోబో వచ్చింది కాబట్టి ఇది ఇక డబ్బున్న వాళ్ల గొడవ మాత్రమే కాదు.

రోబో తనంతట తాను కొయ్యదు. సర్జన్ కన్సోల్ ముందు కూర్చుని వేళ్లు కదిపితేనే దాని చేతులు కదులుతాయి. కిడ్నీ మొత్తం తీసేయకుండా గడ్డ వరకే తీసే పార్షియల్ నెఫ్రెక్టమీలో ఆ వేళ్లకు అసలు పరీక్ష. కిడ్నీకి రక్తం తెచ్చే ధమనిని బిగించి, గడ్డను తీసి, కుట్లు వేసి, మళ్లీ రక్తం వదలాలి. ఈ పని 25 నిమిషాలు దాటకుండా చూస్తారు. ఆలస్యమైన కొద్దీ మిగిలిన కిడ్నీ దెబ్బతింటుంది.

రోబోతో ఈ ఆపరేషన్ చేయించుకున్న 457 మంది ఫలితాలను పరిశీలించిన వ్యాసం ఒకటి 2019లో ‘యూరోపియన్ యూరాలజీ’లో వచ్చింది. సర్జన్ల తొలి 150 కేసుల్లో రక్తం ఆపే సమయం చకచకా తగ్గి, తర్వాత ఒకచోట నిలిచింది. ఆపరేషన్ తర్వాతి సమస్యలు మాత్రం 300 కేసులు దాటినా తగ్గుతూనే వచ్చాయి. ‘రోబోలో శిక్షణ పొందిన డాక్టర్’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకోవడం కుదరదన్నమాట.

యంత్రం ఒక్కటే ఏం చేస్తుందో అమెరికా లెక్కలు చెప్పాయి. కిడ్నీ మొత్తం తీసే ఆపరేషన్లు 23 వేలకు పైగా పరిశీలించి 2017లో ‘జామా’ ప్రచురించిన అధ్యయనంలో, రోబోకూ మామూలు లాపరోస్కోపీకీ పెద్ద సమస్యల విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నాలుగు గంటలు దాటిన ఆపరేషన్లు మాత్రం రోబోతో 46 శాతం, లాపరోస్కోపీతో 26 శాతం. ఖర్చూ రోబోకే ఎక్కువ.

సర్జన్ల ఫలితాలను లెక్క పెట్టడం అసాధ్యమేమీ కాదు. మన తెలుగువాడు రాజ్ వట్టికూటి విరాళంతో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆస్పత్రిలో యూరాలజీ సంస్థ వెలిసింది. అక్కడి మణి మీనన్ బృందం రోబోతో కిడ్నీ మార్పిడిని ముందు ప్రయోగశాలలో సాధన చేసి, 2013లో గురుగ్రామ్‌లోని మేదాంతలో రోగుల మీద మొదలుపెట్టింది. నేర్చుకునే దశలో రోగులకు కీడు జరుగుతోందా అని ఫలితాలను వరుసగా గణిస్తూ పోయింది. వట్టికూటి పేరుతోనే పలు దేశాల ఆస్పత్రుల పార్షియల్ నెఫ్రెక్టమీ ఫలితాలు ఒకచోట చేరుతున్నాయి.

మన దగ్గర 2007 నుంచి ఆరోగ్యశ్రీ నడుస్తోంది. క్లెయిము వెంట ఆపరేషన్ నోట్స్ వెళ్తాయి, వాటి మీద సర్జన్ పేరుంటుంది. పదిలక్షల దాకా చెల్లించే ప్రభుత్వానికి ఏ సర్జన్ ఏడాదికి ఎన్ని చేశాడు, ఎందరు మళ్లీ ఆస్పత్రిలో చేరారు అని అడిగే హక్కు లేదా? అంకెలు బయటపెడితే కష్టమైన కేసులను వదిలించుకుంటారన్న భయం నిజమే. అందుకే గడ్డ సైజు, అది ఉన్న చోటు, రోగి వయసు లెక్కలోకి తీసుకున్నాకే పోల్చాలి. కొత్త సర్జన్లు నేర్చుకోవాల్సిందే. సిమ్యులేటర్ మీద, ఆ తర్వాత సీనియర్ పక్కనున్న రెండో కన్సోల్ మీద నేర్చుకోవాలి. తాను ఎవరి చేతికి వెళ్తున్నాడో రోగికి సంతకానికి ముందే, తెలుగులో చెప్పాలి.